నూటికి పదమూడు

ముత్తుకూరు రోడ్డులో, మందుల కొట్టు మిద్దె మీద
మా లాబొరేటరీ.
కింద జ్వరం బిళ్లలు, పైన బొగ్గుకి పరీక్షలు.
రాత్రి డ్యూటీ నాది.

తాల్చేరు గనిలో తవ్వింది, పారాదీపులో ఓడెక్కి
కృష్ణపట్నంలో దిగింది.
సంచి మూతి విప్పితే సగం రాయే.
నూరి, జల్లించి, ఆరబెట్టి
పది గ్రాములు తూచి కాగితం గొట్టంలో పోస్తాను,
బాలింతకి నడుం కట్టినట్టు,
వదులు కాకుండా, మరీ బిగువూ కాకుండా.

అడుగున ఫ్లాస్కులో పిరిడిన్ మరుగుతుంది.
ఆవిరై పైకెక్కి, చల్లటి గాజుకి తగిలి
చుక్కచుక్కగా బొగ్గు మీద పడుతుంది.
నిండుతుంది, నిండుతుంది, అంచుదాకా వచ్చి
గటగటా ఒక్క గుక్కలో కిందికి దిగిపోతుంది.
పదకొండు నిమిషాలకొకసారి.
మొదటి గుక్క కషాయం రంగు.
మూడో జాముకి పలచటి టీ.
తెల్లారేసరికి తేట,
బాకీ అడగబోతే ఒట్టి చేతులు చూపించినట్టు.

బొగ్గు కరగదు. అది ముందే చెప్పాల్సింది.
నానేసిన సెనగలా ఉబ్బుతుందంతే.
ఉబ్బి, లోపలి గదుల తలుపులు కాస్త వారగా తీస్తుంది.
ఆ గదుల్లో ఎవరో ఉన్నారు.
ఏ చెట్టు బంకో, ఏ ఆకు మీది మైనమో,
చుట్టపుచూపుగా వచ్చి
అడవంతా కూలి రాయైపోయినా
వెళ్లొస్తామనని వాళ్లు.
వాళ్లే వస్తారు బయటికి.
ఇంటివాళ్లు రారు.

దీన్ని మా సారు దశరథరామిరెడ్డి "దిగుబడి" అంటాడు,
మొలగొలుకుల గురించి మాట్లాడినట్టు.

ఇక వాసన సంగతి.
మూడుసార్లు కడిగినా, నిమ్మచెక్కతో రుద్దినా పోదు.
పొద్దున బస్సులో పక్కన చేపల గంపావిడ
ముక్కెగబీల్చి అడిగింది:
"ఏం చేపమ్మే అది? చెడిపోయినట్టుండాదే."
"పాతదిలే అక్కా."
"ఎన్నాళ్లది?"
కోట్ల ఏళ్లని చెప్పబోయి, ఆమె మొహం చూసి
"మొన్నటిది" అన్నాను.
"ఉప్పేసుండాల్సింది" అంది, నిజంగా బాధపడి.

మా అమ్మ పెంచలమ్మకి నా చదువు మీద
ఒకే ఒక్క ఆశ ఉండేది.
మా ఇల్లు రైలు కట్టకి ఇవతల.
బొగ్గు వ్యాగన్లు పోయినప్పుడల్లా
దండెం మీది బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి.
"నీళ్లకి లొంగదే ఇది.
మీ ఆఫీసు మందు కాస్త తేరాదా."

తెచ్చాను, దగ్గుమందు సీసాలో టొలీన్,
సారుకి చెప్పకుండా.
పెరట్లో బండ మీద చీర పరిచింది.
నల్ల మరక మీద దూదితో అద్దాను.
బంగారు రంగు అచ్చుపూలు
కరిగి నా వేళ్లకంటుకున్నాయి.
మరక మాత్రం అట్లాగే కూర్చుంది,
ఇంటావిడలా.
అమ్మ చీర ఎత్తి వెలుతురుకి పట్టి
"పూలు తింటదన్నమాట మీ మందు" అని
పడీపడీ నవ్వింది.
ఆ చీర ఎవరు తెచ్చిందో ఇద్దరికీ తెలుసు.
ఇద్దరం అనలేదు.

ఈ రాత్రి, కరెంటు పోతే లేపమని
ఖాజావలి మెట్ల కింద పడుకున్నాడు.
పిరిడిన్ అంతా తోలేశాక
ఫ్లాస్కు అడుగున మిగిలింది, తారులా,
కాదు, మాడిన బెల్లప్పాకంలా మెరుస్తూ
ఒకటి పాయింటు మూడు గ్రాములు.
రిజిస్టర్లో రాశాను: నూటికి పదమూడు.
మిగతా ఎనభై ఏడుకీ ఒక గడి ఉంది,
"అవశేషం" అని. సారు దాన్ని చూడడు.
నేనైతే గొట్టంలోంచి దాన్ని కాగితం మీద గుమ్మరించి చూస్తాను.
వచ్చినప్పటికంటే నల్లగా ఉంది.

రేవు వైపు దీపాలు. ఇంకో ఓడ ఖాళీ అవుతోంది.
రెండో గొట్టం తూచాలి.
పది గ్రాములకి రవ్వంత ఎక్కువైతే
వేలికొసతో తీసేశాను.
ఆ వేలు అలవాటుగా చున్నీకి తుడుచుకున్నాను.

రేపు అమ్మ తిడుతుంది.