పది సెకన్లు

వచ్చే అక్టోబరు దాటితే నీ బాధ్యత మాది కాదని
తెర మీద మళ్ళీ ఆ నీలం చీటీ.
మూసేశాను. రేపు మళ్ళీ వస్తుంది,
అద్దె వసూలుకొచ్చే మనిషిలా, మర్యాదగా.

యంత్రానికి ఏ జబ్బూ లేదు.
పదకొండేళ్ళది. ఫ్యాను కాస్త గురక పెడుతుంది, అంతే.
కొత్త విండోస్‌కి మాత్రం ఇది తగదట.
తగనిది యంత్రమా, నేనా అని
అడుగుదామంటే అటువైపు ఎవరూ ఉండరు.

లైబ్రరీలో కంప్యూటర్లు బాగుచేసే తావి
చిటికెనవేలంత పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.
"ఇందులో లైనక్స్ ఉంది, మాయ్ము గారూ.
దేన్నీ చెరపదు. రుచి చూడండి.
నచ్చకపోతే పీకేయండి, ఏమీ జరగనట్టే."
ఏమీ జరగనట్టు ఉండేవి
ఈ వయసుకి నేను చాలానే చూశాను.

నా పని శాలువలకు నమూనాలు గీయడం.
హాప్సలు శాలువ, పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయేంత పలచన.
గడికో గుర్తు, గుర్తుకో అల్లిక.
ఒకే కన్నులోంచి ఏడు పోగులు లాగి
తిరుగు వరసలో ఒక్కటిగా బిగిస్తే, అది నుప్.
వేలితో తడిమితే మొగ్గలా తగులుతుంది.
ఆ గీసే ప్రోగ్రాం పార్నులో ఒకాయన రాశాడు,
ఇరవై ఏళ్ళ కింద. ఇప్పుడు ఉత్తరాలకి జవాబివ్వడు.

పెన్‌డ్రైవ్ పెట్టాను. రాత్రి పదకొండు.
తెర ఆకుపచ్చగా తెల్లారింది, ఏ చీటీ లేకుండా.
ఫ్యాను కూడా గురక మానింది
కొత్త అల్లుడు ఇంట్లో ఉన్నట్టు.
నమూనా తెరిచాను.
నుప్‌లు ఉండాల్సిన చోటల్లా ఖాళీ గడులు.
కన్నాలు నాకు కొత్త కాదు, కన్నాలే మా వృత్తి.
అయితే ఇవి నేను వేసినవి కావు.

"ఫాంటు లేదంతే, వేస్తే వచ్చేస్తుంది" అన్నాడు తావి.
"వాడు టాలిన్ వెళ్ళిపోతే ఎవర్నడుగుతావ్?" అంది హెల్వె,
నలభై ఏళ్ళుగా నా పక్క కుర్చీలో అల్లుతూ
నలభై ఏళ్ళుగా నా నిర్ణయాలకి అడ్డుపడుతూ.
కొత్తొక వింత, పాతొక రోత. అది పడుచువాళ్ళ సామెత.
నాకు పాతదాని మీద రోతా లేదు, ప్రేమా లేదు.
చీకట్లో కూడా "సేవ్" ఎక్కడుందో
నా వేలికి తెలుసు, అంతే.

మార్పంటే భయమా అని తావి అడిగాడు. పిల్లాడు.
నా జీతం రూబుళ్ళలో మొదలై, క్రోనుల్లోకి మారి,
ఇప్పుడు యూరోల్లో చాలకుండా పోతోంది.
దుకాణాల బోర్డుల మీద లిపి మారింది.
వీధి పేరు మారింది, ఇల్లు కదలకుండానే.
కొన్ని మంచికే మారాయి, కాదనను.
కానీ ఒక్కసారైనా, మారే ముందు,
"మీకు ఖాయమేనా?" అని అడిగి
అవును, కాదు అని రెండు బొత్తాలు పెట్టి
నాకోసం ఎవరు ఆగారు?

ఇది ఆగింది.
ఎక్కించమని నొక్కాక, ఆ ప్రశ్నతో, అరగంట.
నేను లేచి టీ పెట్టుకుని వచ్చేసరికి కూడా
అక్కడే ఉంది.

చివరికి రెండూ ఉంచమన్నాను.
డిస్కుని రెండు వాటాలు చేశాడు తావి, అన్నదమ్ముల పొలంలా.
"రెండు పడవల మీద కాళ్ళా!" అంది హెల్వె.
కిటికీ చూపించాను.
ఫిబ్రవరి. అఖాతం గడ్డకట్టింది.
మంచులో ఇరుక్కుని రెండు పడవలు, పక్కపక్కన.
ఎవరైనా నిలబడొచ్చు, కొన్నాళ్ళు.

ఇప్పుడు పొద్దున్నే యంత్రం వెయ్యగానే
నల్ల తెర, రెండు పేర్లు, కింద ఒక అంకె.
పది నుంచి తగ్గుతూ వస్తుంది.
ఏమీ నొక్కకపోతే పాతదే తెరుచుకుంటుంది.
అలా పెట్టమన్నది నేనే.
ఏడు దాకా ఊలుబంతి కొస వెతుక్కుంటాను.
నాలుగు దగ్గర హెల్వె సూదులు ఆగుతాయి.
నిన్న, రెండు దగ్గర, బాణం కిందికి నొక్కాను.

హెల్వె ఏమీ అనలేదు.
కళ్ళద్దాలు తుడుచుకుని
నుప్‌లు వచ్చాయా అని అడిగింది.