మూతి దగ్గర మొదలు

పీట్ మోసే గంపను
ఫెస్టస్ మేనియన్ తలకిందులుగా అల్లేవాడు.
పచ్చిక నేలలో విల్లో చువ్వలు గుండ్రంగా గుచ్చి
మూతి దగ్గర మొదలుపెట్టి
పైకి పైకి పోయి, అడుగు దగ్గర ముగించేవాడు.
"అడుగు సంగతి ఆఖర్న చూసుకునే పనులు రెండే,
ఇదీ, పెళ్ళీ" అనేవాడు
పళ్ళ మధ్య నుంచి పొగగొట్టం తియ్యకుండానే.

ఆ ఏడు డెలియాను అడగడానికి
మా పెళ్ళిళ్ళ పేరయ్య టేడ్ కోయిన్‌ను పంపాడు,
చంకలో ఒక నాటుసారా సీసాతో.
గురువారం నాడు డెలియా తండ్రి పొలం నడవడానికి వచ్చాడు.
మా వైపు పిల్లనిచ్చే ముందు
పిల్లాణ్ణి కాదు, నేలను చూస్తారు.
నాలుగు గట్లూ తిరిగాడు.
మడమతో నొక్కితే నీళ్ళు ఊరాయి.
తుంగ మొలిచిన చోట ఆగి
ఒక పరక పీకి, చూసి, పారేశాడు.
ఆవుల్ని లెక్కపెట్టాడు. రెండు.
గాడిదను లెక్కలోకి తీసుకోలేదు.
టీ తాగి, చాలా మంచి టీ అన్నాడు.
అంతే.

తపస్సు కాలం రాకముందే పెళ్ళిళ్ళన్నీ కానిచ్చెయ్యాలి కదా,
విభూతి బుధవారానికి ముందురోజు
కొండ అవతల బార్లీ పొలాలున్నవాడికి ఇచ్చేశారు.

రాత్రి, వయొలిన్ రెండో వరసలో ఉండగా
తలుపు తట్టకుండా గడ్డిమనుషులు వచ్చారు.
తొమ్మిది మంది.
మోకాళ్ళ దాకా గడ్డి పావడాలు,
గరాటా బోర్లించినట్టు భుజాల దాకా ముసుగులు.
పిలవని చుట్టాలు. పేర్లుండవు.
గొంతు పోల్చుకుంటారని
ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు.
వాళ్ళ నాయకుడు పెళ్ళికూతురితో ఒక ఆట ఆడాలి,
కాదంటే ఆ ఇంటికి మంచిది కాదు.

ఆ ముసుగులన్నీ ఎవరు అల్లారో ఊరందరికీ తెలుసు.
ఎవరు ఏది తొడుక్కున్నారో తెలీదు.
నాకు తొమ్మిదేళ్ళు, బల్ల కింద ఉన్నాను
ఒక కేకు ముక్కతో.
అక్కణ్ణుంచి చేతులే కనిపించాయి:
చువ్వ తొక్క ఒలిచి ఒలిచి
రంగు దిగిన ఒక బొటనవేలు.
డెలియా కూడా దాన్నే చూసింది.
ఆట మధ్యలో ఒక్కసారి అడుగు తప్పింది,
ఇద్దరిలో ఎవరిదో నాకు తెలీదు.
"మీ నాయకుడికి ఆట బాగా వచ్చు"
అంది ఆమె, అందరూ వినేటట్టు.
గడ్డిముసుగు ఏమీ అనలేదు.
ఊపిరి మాత్రం లోపలికి పీల్చుకుంది.

తెల్లారేసరికి ఆ ముసుగును గాడిద తినేసింది.

ఆదివారం, చర్చి గోడ దగ్గర,
పెళ్ళి కాకుండా ఇంకో తపస్సు కాలంలోకి జారినవాళ్ళ వీపుల మీద
సుద్దముక్కతో గీతలు గియ్యడం పిల్లల హక్కు.
పరుగెత్తేవాళ్ళు పరుగెత్తారు, తిట్టేవాళ్ళు తిట్టారు.
ఫెస్టస్ నిలబడ్డాడు.
మునివేళ్ళ మీద లేచి నల్లకోటు మీద
భుజం నుంచి నడుం దాకా గీశాను.
"వంకర పోయింది" అన్నాడు, తిరక్కుండానే.
"చెయ్యి వణికితే చువ్వ విరుగుతుంది. రేపు రా."

వెళ్ళాను.
కోటు మేకుకు వేలాడుతోంది, గీతతోనే.
పన్నెండు చువ్వలిచ్చి నేలలో గుచ్చమన్నాడు.

కోతలయ్యాక కొండ అవతలి నుంచి
అడుగు ఊడిన గంప ఒకటి బాగుచేతకు వచ్చింది.
తెచ్చిన కుర్రాడు ఎవరిదో చెప్పలేదు,
మేమూ అడగలేదు.
ఆయన దాన్ని బోర్లించి చాలాసేపు చూసి
నా వైపు తోశాడు.
"నాకింకా అడుగు వెయ్యడం రాదు" అన్నాను.
కత్తి నా చేతిలో పెట్టి
గాడిదకు మేత వెయ్యడానికి వెళ్ళాడు.