సొంత డబ్బా

రాత్రి పదకొండు. ఓమరు రేవు మీది గాలి
తలుపు సందులోంచి దూరి, ఎదురు కుర్చీలో కూర్చుంది.
తెరమీద ప్రశ్న అలాగే ఉంది:
'స్లో కెటిల్' అనే బ్యాండుకి
విజ్ఞాన సర్వస్వంలో పేజీ ఉంచాలా, తీసెయ్యాలా?
గడువు ఏడు రోజులు. ఇవాళ ఆరోది.

నియమం నాకు కంఠతా వచ్చు.
ఏ సంబంధమూ లేనివాళ్ళు, నమ్మదగ్గవాళ్ళు,
కనీసం ఇద్దరు, నాలుగు వాక్యాలకు మించి
వీళ్ళ గురించి రాసి ఉండాలి.
గోడల మీది పోస్టర్లు చెల్లవు.
గిటారు వాయించే ఇసోబెల్ గురించి వాళ్ళమ్మ
చర్చి కరపత్రంలో రాసింది అసలే చెల్లదు.
సొంత డబ్బా పనికిరాదు.

డబ్బా అంటే గుర్తొచ్చింది.
ఉన్ని గోదాములో, జూలై చలిలో,
స్నేర్ డ్రమ్ము పైపొర చిరిగిపోతే
రావిరి పరాటా ఒక్క పరుగున ఇంటికెళ్ళి
బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చాడు.
ఖాళీ చేసే తీరిక ఎవరికి?
రెండో పాట సగానికి
లోపల బిస్కెట్లు పిండైపోవడం వినబడింది,
పదకొండు మందిమి విన్నాం. ఒక కుక్క కూడా.
అక్షరాలా సొంత డబ్బా.
వాళ్ళ నానమ్మది.

దీన్ని ఏ పుటకు ముడిపెట్టి రాయను?
"నేనక్కడే ఉన్నాను" అన్నది ఆధారం కాదు.
పన్నెండేళ్ళుగా ఎందరెందరికో
ఈ మాటే చెప్పి గొళ్ళెం పెట్టినదాన్ని.

మొన్న శనివారం గ్రంథాలయానికి వెళ్ళాను.
మైక్రోఫిల్ము మీట వేళ్ళకు చల్లగా తగిలింది.
గొర్రెల ధరలు, వరద, రగ్బీ,
పోటీలో గెలిచిన గుమ్మడికాయ, మళ్ళీ గొర్రెలు.
వ్యాసం ఒకటి దొరికింది, అరపేజీ, ఫోటోతో సహా.
అందులో పరాటాని పరోటా చేశారు.
రెండో వ్యాసం కోసం సాయంత్రం దాకా తిప్పితే
కుట్టుమిషనుకీ పాలిచ్చే ఆవుకీ మధ్య
చిన్న ప్రకటన:
"డ్రమ్ములు అమ్మబడును. స్నేర్ లేదు."

పేరు లేదు. ఫోను నంబరుంది.
చెయ్యలేదు.

ఒకటిన్నర ఆధారం.
అరని లెక్కేసే గడి మా దగ్గర లేదు.
"తొలగించాలి" అని రాశాను, కారణంతో సహా,
తప్పుల్లేకుండా.

తర్వాత నిద్ర రాక
ఆ పేజీ మళ్ళీ తెరిచాను.
ఎవరో పత్రికలోంచి ఉన్నదున్నట్టు ఎక్కించారు:
రావిరి పరోటా, డ్రమ్స్.
రేపు పోయే పేజీయే.
ఆ ఒక్క అక్షరం దిద్ది, భద్రపరిచి,
దీపం ఆర్పాను.