ఎడమ చెప్పు

మొదటిసారి నీళ్లతొట్టి వెనక దొరికింది.
రెండోసారి జొన్నల డబ్బాలో.
మూడోసారి, ఫ్యాక్టరీ బండి వీధి మలుపులో
హారన్ మీద హారన్ కొడతాంటే,
కోళ్లగంప కింద.
ఎప్పుడూ ఎడమదే.
కుడిది మాత్రం గడప పక్కన
ఏమీ ఎరగనట్టు కూచోని ఉంటుంది.

తాడిపత్రిలో నాపరాళ్లకు పాలిష్ పట్టే పని నాది.
ఎనిమిదిన్నర దాటితే సగం కూలి కోత.
ఒంటి చెప్పుతో ఆ రాతిముక్కల మీద నడిచి చూడు,
తెలుస్తుంది.

చౌడేశ్వరికి అప్పుడు ఎనిమిదేండ్లు.
ఓబులేసుకు మొదటి పెండ్లాం బిడ్డ.
నన్నేమని పిలవాలో దానికి తెలీదు,
నేనూ చెప్పలేదు.
"ఇదో" అనేది. లేదంటే గిన్నె చప్పుడు చేసేది.
మరీ అవసరమైతే, నేను పక్కనే ఉండంగానే,
వాళ్ల నాయనతో:
"ఆమెకు చెప్పు, చారులో ఉప్పు లేదని."
ఉప్పు ఉండేది.
దాని లెక్కలో లేనిది నేనే.

పక్కింటి మాబున్నీ అనింది:
"పగ మే అది. తల్లి చోట్లోకి వస్తివి కదా,
యాడికి పోతుంది?"
నేనూ పగే అనుకున్నా.
ఒకరోజు పంతానికి
దాని రంగు పెన్సిళ్ల డబ్బీ అటకెక్కించినా.
అడగలేదు. ఏడవలేదు.
గోడకానుకొని కూచోని
నేను పనికి బయలుదేరేదాకా
నా కాళ్లే చూసింది.

ఓబులేసు రాళ్ల లోడుతో బెంగుళూరు పోయిన రేయి
దానికి జ్వరం.
తడిగుడ్డ మారుస్తాంటే
దిండు కింద గట్టిగా ఏదో తగిలింది.
నా చెప్పు.
రాతిపొడి ఇంకా వదల్లేదు దాన్ని.
"ఎందుకే ఇది?"
కండ్లు తెరవకుండానే చెప్పింది,
అయ్యవారికి ఎక్కం ఒప్పజెప్పినట్టు:
"ఒక్క చెప్పుతో ఊరు దాటలేవు కదా."

ఊరు దాటతానని ఎవరన్నారే నీకు,
అనబోయి ఆగినా.
చిలక్కొయ్యకు నా సంచి.
రెండు చీరలు, ఆధార్ కార్డు, మూడువందల యాభై రూపాయలు,
యాడికిలో ఉండే మా చెల్లెలి నంబరు చీటీ.
యాడికి పోతాండావంటే యాడికికే అని
మా పక్క ఒక ఎగతాళి ఉంది.
నా సంచికి అది ఎగతాళి కాదు.

గుత్తిలో మొదటాయన నడిరేయి బయటికి నెట్టి
తలుపేసుకున్నప్పుడు
కాళ్లకు చెప్పులు కూడా లేవు నాకు.
అందుకే ఈ ఇంట్లో మొదటిరోజే
సంచి సర్ది పెట్టుకున్నా.
పదునాలుగు నెలలు. దింపలేదు.
ఓబులేసుకు కనపళ్లేదు ఆ సంచి.
మాబున్నీకి ఊర్లో అందరి గుట్లూ తెలుసు, ఇది తెలీదు.
రోజూ దాని కిందే పుస్తకాలు పరుచుకునేదానికి
కనపడింది.

దగ్గరికి తీసుకోలేదు.
తీసుకొని ఉంటే ఇద్దరికీ సిగ్గయ్యేది.
చెప్పును మళ్లీ దిండు కిందికే తోసి
తెల్లవార్లూ గుడ్డ మార్చినా.
పొద్దున చీరలు రెండూ ఉతికి దండేనికి ఆరేసినా,
అది పండుకున్న చోటికి కనపడేట్టు.
సంచిలో ఎర్రగడ్డలు పోసినా.

అంతటితో అయిపోలేదులే.
జ్వరం మూడునాళ్లకు దిగింది.
చెప్పు ఇంకో రెండు నెలలు పోతానే ఉండె.
కాకపోతే దొరికే చోట్లు సులువైనాయి:
చీపురు కింద, ఇంకోనాడు మంచం కోడు పక్కన,
గడపకు మూరెడు దూరంలో.
పెన్సిళ్ల డబ్బీ నేనే అటక దించినా.
చారులో ఉప్పు సంగతి నేరుగా నాతోనే చెప్పడం మొదలుపెట్టింది.
ఇప్పుడు నిజంగానే తక్కువుంటాంది,
దాని మాటలు వింటా మరిచిపోతాండా.

నిన్న పొద్దున రెండూ గడప దగ్గరే.
జతగా.
హారన్ ఇంకా వినపళ్లేదు.
వెతకను పక్కన పెట్టుకున్న పది నిమిషాలు
చేతిలో మిగిలిపోయినాయి,
ఏం చేసుకోవాలో తోచలేదు.
నన్ను నమ్మిందా,
పోతే పోనీ అనుకుందా?

అది రిబ్బను కట్టుకుంటా అటు తిరిగింది.
కాలివేలితో ఎడమదాన్ని మెల్లగా
చాప కిందికి నెట్టి
గట్టిగా అరిచినా:
"నా చెప్పు యాడ పెట్టినావే?"

రిబ్బను వదిలేసి
రెండు చేతులూ పైకెత్తి చూపించింది,
నేను కాదని.