వెంట్రుకవాసి

వార్నంబూల్‌లో వాన. రేకుల షెడ్డులో
నోరీన్ హాల్డేన్ క్రాంకును చేత్తో తిప్పుతోంది,
పొయ్యి మీద పాలు కనిపెట్టుకున్నంత నెమ్మదిగా.

మూడో సిలిండరు దగ్గర
టిక్.

కనెక్టింగ్ రాడ్ భుజం
క్యామ్‌షాఫ్టును ఒరుసుకుంది.
స్ట్రోకు పెంచమన్నది యూవన్.
పెంచిన ప్రతి మిల్లీమీటరూ
లోపల ఇంకొకరి చోటు అడుగుతుందని
కుర్రాడికి ఎవరూ చెప్పలేదు.

భుజాన్ని రవ్వంత అరగదీసింది.
మనవరాలి ఆట బంకమట్టి, ఆకుపచ్చది,
పిస్టన్ నెత్తిన అద్ది, నూనె రాసి,
హెడ్డు బిగించింది. రెండు చుట్లు తిప్పి విప్పింది.
వాల్వు దిగిన గుర్తు, చంటిపిల్ల మడమంత.
బ్లేడుతో కోసి కొలిచింది:
పలచటి చోట ఒకటిన్నర.

"తగల్లేదుగా" అన్నాడు యూవన్.
"ఇక్కడ తగల్లేదు.
ఎనిమిది వేల చుట్ల మీద రాడ్ సాగుతుంది,
స్ప్రింగు వెనకబడుతుంది.
అప్పుడు నా చెయ్యి అక్కడ ఉండదు."

పిస్టన్లు ఊడదీశారు. వాల్వు గుంటలు లోతు చేశారు,
ఎనిమిదీ. అల్యూమినియం పొట్టు ఆమె కనుబొమల్లో.
మళ్లీ మట్టి. మళ్లీ బ్లేడు.
రెండున్నర.
ఆమె ఏమీ అనలేదు, టీకి నీళ్లు పెట్టింది.

రాత్రి టిల్లీ డబ్బా తెరిచి అడిగింది:
"నా చెట్టుకి ఆకులేవీ?"