అంచు

కురెసారెలో ఫిబ్రవరి. సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది.
హెల్వె నోరు తెరిచింది.
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి,
నొప్పంటే కనుబొమ్మ కూడా కదపదు.

కింది వరసలో, కుడివైపు, చివరి నుంచి రెండోది:
నల్లబడ్డ వెండి.
డెబ్బై తొమ్మిదిలో పెట్టింది.
అప్పటికి నాకు పాలపళ్ళు రాలేదు,
అసలు నేనే రాలేదు.

అద్దం వంచగానే తెలిసిపోయింది, ఇది ఎండెల్ పని.
ఈ గదీ, ఈ కిటికీ ఆయన దగ్గరే కొన్నాను.
లోహం మెత్తగా ఉండగానే
పంటికి పుట్టుకతో ఉండే గాడులన్నీ తిరిగి చెక్కేవాడు,
చివర ఒకటి ఎక్కువ చెక్కేవాడు.
ఎందుకో అడుగుదామనుకునేలోపు పోయాడు.

రూబుల్ పోయింది. క్రోన్ వచ్చి, అదీ పోయింది.
యూరోలు పెట్టి కొన్న రొట్టెను కూడా
ఇదే నమిలి పెడుతోంది.

"తీసేస్తావా? ఇప్పుడన్నీ తెల్లవేగా"
అంది, నా వేలు నోట్లో ఉండగానే.
సూదిమొనను అంచు చుట్టూ నడిపించాను.
ఎక్కడా తట్టుకోలేదు, ఎక్కడా దిగలేదు.
ఎక్స్‌రేలో అడుగున నీడ లేదు.
వయసు చూసి తీసేవి కావివి.
తీసిన ప్రతిసారీ గుంట కాస్త పెరుగుతుంది,
పన్ను కాస్త తరుగుతుంది.
ఆ తరుగు బిల్లులో రాయం.

దాని పక్క పన్ను సంగతి వేరు.
తెల్లది. ఎనిమిదేళ్ళ కిందట నేను పెట్టిందే.
క్రిస్మస్ నాడు రై రొట్టె పెచ్చు కొరుకుతుంటే
టక్కుమందట.
అంచున టీ రంగు గీత.
సూదిమొన అక్కడ ఆగింది. లోపలికి దిగింది.
ఏమీ అనకుండా మత్తు ఇంజెక్షన్ అందుకున్నాను.

నా పనిని నేనే తవ్విపోశాను.
అడుగున మెత్తటి గోధుమరంగు పిప్పి,
గట్టి పన్ను తగిలేదాకా గీకి,
పొర మీద పొర నింపి,
నీలి దీపం వెలిగించే ముందు
చివర ఒక గాడి ఎక్కువ గీశాను.
చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"ఇదెన్నాళ్ళుంటుంది?"
"పదేళ్ళు. రాత్రుళ్ళు పళ్ళు నూరకపోతే."
"ఇంకెవరి మీద నూరతాను,
ఆయన పోయి ఆరేళ్ళయింది."

వంకరపోయిన పెదవితోనే వేళ్ళు మడిచి లెక్కేసుకుంది:
డెబ్బై నాలుగు, ఎనభై నాలుగు.
"సరిపోతుందిలే," అంది.
పడవకి టైమైందని కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని
మెట్లు దిగుతుంటే
బుగ్గ లోపలి నుంచి కదులుతోంది.
సగం మొద్దుబారిన నాలుక
అప్పుడే కొత్తదాన్ని తడిమి చూస్తోంది.