శాశ్వత చిరునామా

ప్యారీస్ కార్నర్, రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల పక్కన
నా టైపు మిషను ముందు
తడిసిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు.
పేరు జియోని ఫెసైతు. ఇంజను గదిలో పని.
ఓనరు దివాలా తీశాడు, కోర్టు ఓడను కట్టేసింది,
నాలుగు నెలలుగా రేవు బయట లంగరు మీద ఊగుతున్నాడట.
జీతం బాకీకి అఫిడవిట్టు కావాలి.

అన్నీ చెప్పాడు. ఒక్క గడి దగ్గర ఆగాడు.
శాశ్వత చిరునామా.

డోర్ నంబరు లేదన్నాడు. వీధి లేదన్నాడు.
ఒక తిన్నె పేరు చెప్పాడు.
రాళ్ళు పేర్చి మట్టి పోసి ఎత్తు చేసిన తిన్నె,
పైన ఇల్లు తుఫానుకి పోయినా పేరు పోదట.
"ఇప్పుడు ఇల్లుందా దాని మీద?"
"లేదు మేడం. బొప్పాయి చెట్టుంది."
అదే టైపు చేశాను.

రొటూమా. మ్యాపులో చూపించమంటే
గోటితో నొక్కాడు. గోరు తీస్తే అక్కడ ఏమీ లేదు, నీలం.
అందులోనే ఏడు సీమలు,
సీమల్లో కలిసి వండి కలిసి మోసే ఇళ్ళ గుంపులు,
గుంపుల్లో తిన్నెలు, ఒక్కో తిన్నెకీ మోయాల్సిన పేర్లు.
చెక్కుబంది ఏదీ అంటే చేత్తో గాలి కోశాడు:
ఆ కొబ్బరి నుంచి ఈ రాతిదాకా.
ముసలివాళ్ళు చెబుతారు, మేం వింటాం, అంతే.

టీ తెప్పించాను. మొదట్నుంచీ మొదలుపెట్టాడు.
రాహో అనేవాడు సమోవా నుంచి బుట్టల్లో ఇసుక తెచ్చి
సముద్రంలో కుమ్మరించాడు. నేలయింది.
చెట్టుకి పచ్చాకు చుట్టి, నాదని గుర్తు పెట్టి వెళ్ళాడు.
వెనకాల వచ్చిన తొకనియువా
అదే చెట్టుకి ఎండు కొబ్బరాకు కట్టాడు.
చూడు, నాది ఎండిపోయింది కూడా,
నేనే ముందొచ్చాను అన్నాడు.

నవ్వు ఆగలేదు నాకు.
ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానయ్యా ఆ ఎండాకుని!
టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన స్టాంపు పేపరు,
ఎప్పుడో పోయిన వెండరు సీలు, పాత తేదీ.
అతనూ నవ్వాడు. తర్వాత అన్నాడు,
ఆ తగువు ఇంకా తేలలేదు.

హక్కు మీ నాన్న నుంచా అని అడిగితే
బొటనవేళ్ళు మడిచి ఎనిమిది వేళ్ళు చాపాడు.
ముత్తాతలు నలుగురు, ముత్తవ్వలు నలుగురు.
ఏ వేలు పట్టుకుని నడిచినా ఒక నేల వస్తుంది.
ఎక్కడ బతుకుతామో ఆ వేలు బిగుస్తుంది,
మిగతావి వదులవుతాయి, తెగవు.

"నీ ఎనిమిది?" అన్నాడు.

చెంగల్రాయుడు. రేవులో మూటలు మోశాడు.
ఆదెయ్య. దొరసామి, కాళహస్తి వైపు.
మునిరత్నం, తండయార్‌పేటలో రెండు గుంటలు కొని
పాతిక రూపాయలకి పోగొట్టుకున్నవాడు.
నాలుగు వేళ్ళు.
ఐదోది కాటమ్మ.
ఆరోది దస్తావేజులో ఉంది, 'పై వారి భార్య' అని.
ఏడోది పాలకొట్టు అవ్వ, అంతవరకే.
ఎనిమిదో వేలు మిషను మీద
ఏ అక్షరం మీదా దిగలేదు.

అతను ఏమీ అనలేదు. చల్లారిన టీ తాగి
సంతకం పెట్టి, డబ్బులు లెక్కపెట్టబోతే వద్దన్నాను.
చిల్లర మాత్రం టీ కుర్రాడికిచ్చి
కస్టమ్స్ గేటు వైపు వెళ్ళాడు.

ఎంతమందికి రాశాను నేను,
తూర్పున ఫలానా, పడమర ఫలానా, మధ్యలో మనిషి!

రాత్రి కాళహస్తిలో మా మేనత్తకి ఫోను చేశాను.
"పాలకొట్టు అవ్వ అసలు పేరేంటే?"
"ఏం, ఆస్తేదైనా బయటపడిందా?"
"లేదు."
చాలాసేపు టీవీ చప్పుడు.
"పొ... పొ తోనే మొదలు. ఉండు,
పొద్దున లేచాక చెబుతా."